ముందు నడిచిన టైలరు

"నేనేదో పొడిచేశానని చెప్పుకోవడానికి రాలేదక్కా. ఒక్క టీ తాగి పోదామని వచ్చాను, అంతే. ఎనిమిది రోజులు కొండల్లో నడిచొచ్చినవాణ్ణి, కాళ్ళు పీకేస్తున్నాయి, ఆ బెంచీ మీద కాస్త చోటిస్తే నా మానాన నేను కూర్చుంటాను. ఎవరైనా అడిగితే చెప్తాను. అడక్కపోతే లేదు."

ఎవరూ అడగలేదు. అయినా మొదలుపెట్టాడు.

మా వీధి టైలరు సంగతి మీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను. చేతిపని బంగారం. నోటిపనికొస్తే, జానెడు గుడ్డిస్తే చొక్కా కుట్టలేడేమో గానీ జానెడు విషయమిస్తే మూడు రోజుల కథ కుడతాడు. ఇరవై ఏళ్ళుగా ఈ టీ కొట్టు నడుపుతున్నాను, అతని కోతలు వింటూ పాలు పొంగబెట్టుకున్న రోజులు ఎన్నో నాకే తెలీదు. రిటైరైన లెక్కల మాస్టారైతే అతను ఏ అంకె చెప్పినా ముందు పదితో భాగించి అప్పుడు వింటారు. ప్లంబరు నవ్వుకోవడానికే వస్తాడు.

ఆ రోజు బెంచీ చివర ఇంకో మనిషి కూర్చున్నాడు. లారీ డ్రైవరు. టైలరుకి బావ, అంటే సొంత అక్క మొగుడు. మాట తక్కువ. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అందుకని ఎదుటివాడు చెప్తాడని కూడా తోచదు. ఈ వీధి మొత్తంలో టైలరు మాటల్ని పొల్లుపోకుండా నమ్మే మనిషి ఆయనొక్కడే.

ఆయన ఎందుకొచ్చాడో మా అందరికీ తెలుసు. ఆయన కూతురు, జనాన్ని కొండల్లో నడకలకి తీసుకెళ్ళే కంపెనీలో పనిచేస్తోంది. రెండేళ్ళు ఇంకో గైడుకి సాయంగా తిరిగింది. ఇప్పుడు సొంతంగా ఒక జట్టుని తీసుకెళ్ళి తీసుకురా, బాగా చేస్తే సీజనంతా నువ్వే గైడువి అన్నారు. ఆ పిల్లకి ఆ పనంటే ప్రాణం. తండ్రికి కొండ పేరెత్తితేనే పడదు. పాతికేళ్ళ కిందటే ఘాట్ రోడ్డు లోడ్లు మానేశాడు, ఎందుకని అడిగితే మాట మార్చేస్తాడు. నాన్న సరేనంటేనే చేస్తానని పిల్ల మాటిచ్చింది. వద్దనడానికి ఈయనకి మనసు రాలేదు, సరేననడానికి ధైర్యం చాల్లేదు. చివరికి బావమరిదిని పట్టుకుని, "నువ్వూ ఆ జట్టులో వెళ్ళు, కళ్ళారా చూసి రా, నువ్వు చెప్పినదాన్ని బట్టి నేను తేల్చుకుంటాను," అన్నాడు. కంపెనీకి జవాబు ఆ సాయంత్రం ఐదింటిలోపు చెప్పాలి. పిల్ల అక్కడే ఆఫీసులో ఫోను పట్టుకుని కూర్చునుంది. ఇక్కడ ఈయన ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. టైము మూడున్నర దాటింది.

"మొదటిరోజు పెద్ద విశేషమేం లేదు బావా," అన్నాడు టైలరు, గ్లాసు అందుకుని. "పొద్దున్నే కొండ కింద బస్సు దిగాం. నాతో కలిపి పన్నెండు మందిమి. అందరూ కుర్రాళ్ళే, ఒక్కొక్కడి బూట్లు చూస్తే వీటికి ఇంటి పన్ను కట్టాలేమో అనిపించింది. అందులో ఒక బ్యాంకు కుర్రాడున్నాడు, వాడికి సెలవొస్తే చాలు కొండలెక్కడమే పని, పిక్కలు చూడాలి, రాతితో చెక్కినట్టుంటాయి. మనమ్మాయి అందర్నీ వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కర్నీ ఎగాదిగా చూసింది. పావుగంటసేపు అటూ ఇటూ నడిపించింది. నడిపించి, ఏమందో తెలుసా? 'మామయ్యా, నువ్వు ముందుండు, సరిగ్గా నా వెనకాలే నడువు, మిగతావాళ్ళందరూ నీ వెనక వస్తారు' అంది. విన్నారా? పన్నెండు మందిలో! ఆ బ్యాంకు కుర్రాణ్ణి తీసుకెళ్ళి అందరికన్నా చివర పడేసింది. వాడి మొహం చూడాల్సింది."

"మొన్నామధ్య మా డాబా మీద ట్యాంకు చూడ్డానికొచ్చి సగం మెట్ల మీద కూలబడ్డారు కదండీ మీరు?" అన్నాడు ప్లంబరు.

"అవి మెట్లయ్యా! మెట్లు మేస్త్రీ కట్టినవి, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. కొండ అలా కాదు, కొండకి ఒక పద్ధతుంటుంది. నువ్వు మధ్యలో పుల్లలు పెట్టకు."

"నడిపించి చూసిందా?" అని అడిగాడు డ్రైవరు.

"ఆఁ, పావుగంట. ఇక నడక మొదలైంది. ముందు అమ్మాయి, దాని వెనక నేను, నా వెనక పదకొండు మంది. నేను ఎంత వేగంగా నడిస్తే అంతే వేగంగా వాళ్ళూ నడవాలి, నన్ను దాటడానికి ఒక్కడికి దమ్ముందా? లేదు. వంద అడుగులకోసారి అమ్మాయి ఆగేది. ఎందుకంటారు? నా సలహా కోసం. వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి 'ఎలా ఉంది మామయ్యా?' అనేది. నేను ఆలోచించి 'బాగుంది' అనేవాణ్ణి. అప్పుడు కదిలేది జట్టు. నా సంచీ నేనే మోశాను, ఎవరి చేతా మోయించుకోలేదు."

"ఎనిమిది రోజులూనా?" అన్నారు మాస్టారు.

"మధ్యాహ్నం దాకా. తర్వాత అమ్మాయి తీసుకుంది. అంటే, నేనే ఇచ్చాను. పిల్లకి మోత అలవాటు కావాలి కదా మాస్టారూ, ఎంత కాదన్నా మేనమామని, నా బాధ్యత నాకుంటుంది."

డ్రైవరు తలూపాడు. టైలరు ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. అప్పటికి ఇంకా నేలమీదే ఉన్నాడు. పైకి లేవడం రెండోరోజు నుంచి మొదలైంది.

"రెండోరోజు ఒక లోయలోకి దిగాం. అబ్బ, ఏం ఊరక్కా అది! ఇళ్ళన్నీ ఒకదాని నెత్తిన ఒకటి, ఒకళ్ళ పెరడు ఇంకొకళ్ళకి ఇంటికప్పు. పైనింట్లో కోడి కాలు జారితే మూడిళ్ళ కింద గుడ్డు పెడుతుంది. ఏ గుడ్డు ఎవరిదో తేలక ఆ ఊళ్ళో జనం ఒకళ్ళతో ఒకళ్ళు పోట్లాడుకోవడం మానేసి అందరూ కలిసే వండుకుంటారు. మేం దిగిన ఇంట్లో ఒక ముసలమ్మ, ఆమె ఉన్ని కోటుకి బొత్తాం ఊడింది. నా జేబులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి కదా, కుట్టిపెట్టాను. అంతే! ఆమె వెళ్ళి పక్కింటావిడకి చూపించింది, ఆవిడ పైనింటికి చూపించింది, గంటలో ఊరు ఊరంతా కోట్లు పట్టుకుని గుమ్మం ముందు బారులు తీరింది. ఎన్ని కుట్టానంటారు? భోజనం వేళలోపు నూట నలభై కోట్లు!"

"పద్నాలుగు," అన్నారు మాస్టారు తనలో తనే.

"సూది నడిచీ నడిచీ ఎర్రగా కాలిపోయింది మాస్టారూ. పట్టుకోలేకపోయాను. కిటికీ బయట మంచు మేట కనిపిస్తే అందులో గుచ్చాను చల్లారుతుందని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వేడికి మంచు కరిగిపోయి, తెల్లారేసరికి కింద వాగుకి వరదొచ్చింది! మేం ఆ వాగే దాటాలి."

ప్లంబరు టీ పొలమారి దగ్గాడు. నేను వీపు మీద చరిచాను.

"నవ్వు, నవ్వు. అక్కడుంటే నవ్వేవాడివి కాదు. నీళ్ళు నడుము దాకా. సామాన్లు మోసే కంచరగాడిద ఒకటుంది మాతో, అది ఆ నీళ్ళు చూసి నాలుగు కాళ్ళూ బిగదన్నుకుని నిలబడిపోయింది. తోలేవాడు బతిమాలాడు, తిట్టాడు, ఊహూఁ. నేను దగ్గరికెళ్ళి దాని చెవిలో రెండు ముక్కలు చెప్పి, ముందు కాళ్ళు ఈ భుజం మీద, వెనక కాళ్ళు ఈ భుజం మీద వేసుకుని దాటించేశాను. సామాన్లతో సహా."

"నీకు తాడు కట్టలేదా?" అని అడిగాడు డ్రైవరు. ఆయన మొహంలో వెటకారం లేదు, నిజంగా అడుగుతున్నాడు.

"ఎందుక్కట్టదు? నా నడుముకి అమ్మాయే కట్టింది. అంటే, అవసరమయ్యి కాదు బావా, మర్యాద కోసం. పెద్దవాళ్ళకి అలా కడతారనుకుంటా అక్కడ."

"రెండో కొస దేనికి కట్టింది?"

"ఒడ్డున ఇంత బండరాయుంది, దానికి. కట్టి, కాలు తన్నిపెట్టి, బలంగా లాగి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చాదస్తం ఎక్కువైంది పిల్లకి, వాళ్ళమ్మ పోలిక."

"మూడుసార్లు," అన్నాడు డ్రైవరు మెల్లిగా.

టైలరుకి ఆ ప్రశ్నలు నచ్చలేదు. గాడిద గురించి అడగాల్సింది పోయి తాడు గురించి అడుగుతాడేంటని విసుగు. గొంతు పెంచాడు. "నాలుగోరోజు సంగతి వినండి ముందు. ఇంకో ఊరు, ఇంకా పైన. ఆకాశం తళతళా మెరుస్తోంది, మందుకి కూడా మబ్బు లేదు. మనమ్మాయి ఒక గొర్రెల కాపరి ముసలాయనతో ఏదో మాట్లాడొచ్చి, 'ఇవాళ కదలం, ఇక్కడే ఉంటాం' అంది. బ్యాంకు కుర్రాడు గొడవకి దిగాడు, డబ్బు కట్టాం, సెలవు అయిపోతోంది, ఎండ కాస్తుంటే కూర్చోమంటావేంటి అని. ఇది మాత్రం 'మీరు తిట్టుకోండి, పర్వాలేదు, నేను మాత్రం కదలను' అని గడపలో కూర్చుని ఉల్లిపాయలు తరుక్కుంటోంది. అప్పుడు నేను లేచాను. నా ఎడమ మోకాలు సలుపుతోంది, అంటే ఏంటి? తుఫాను! 'ఒరేయ్, ఈ మోకాలు చెప్తోంది, కదిలితే ఒప్పుకోను' అని ఒక్క కేక వేశాను. అందరూ గప్‌చుప్. సరిగ్గా రెండు గంటలకి మొదలైందండీ వడగళ్ళ వాన! ఒక్కో వడగల్లు గుమ్మడికాయంత. మా గుడారం గుడ్డ చిరిగితే నేను పైకెక్కి, ఎడం చేత్తో వడగళ్ళు పట్టుకుని పక్కన పేరుస్తూ, కుడి చేత్తో కుట్టేశాను."

"గడపలో కూర్చుందా? కోప్పడలేదా వాళ్ళ మీద?"

"ఎవరు? అమ్మాయా? లేదు బావా, వాళ్ళకి సూపు కాచిపోసింది. నేను గుడారం మీద ప్రాణాలకి తెగించి కుడుతుంటే నువ్వు ఉల్లిపాయల గురించి అడుగుతావేంటి? ఇంకోటి చెప్తాను, దానికి కొండెక్కితే మతిమరుపు వచ్చేస్తుంది పాపం. రోజూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి 'మామయ్యా, ఇవాళ ఏ వారం?' అని అడిగేది. నేనే చెప్పేవాణ్ణి. ఒక గీత గీసి దాని మీద మడమకి కాలివేళ్ళు ఆనించి నడవమనేది. వందలోంచి ఏడు తీసెయ్, అందులోంచి మళ్ళీ ఏడు తీసెయ్ అని లెక్కలు అడిగేది. నేను గడగడా చెప్పేశాను, తొంభై మూడు, ఎనభై ఆరు..."

"డెబ్భై తొమ్మిది," అన్నారు మాస్టారు. ఆ మధ్యాహ్నం టైలరు మాటల్లో ఆయన భాగించకుండా వదిలినవి ఆ అంకెలే.

"అందర్నీ అడిగేదా?" అన్నాడు డ్రైవరు.

"అందర్నీ. కానీ నన్ను రెండుసార్లు. తెలివైనవాణ్ణి అడిగితే కదా అడిగినదానికి విలువ."

నాలుగున్నరైంది. రెండో విడత టీ పోశాను. టైలరు బెంచీ మీద కూర్చోలేక లేచి నిలబడ్డాడు. అతను నిలబడ్డాడంటే కథ నెత్తికెక్కిందన్నమాటే.

"ఇప్పుడు చెప్తున్నాను అసలుది. ఆరోరోజు. రెండు శిఖరాల మధ్య కనుమ. అంతకన్నా పైన ఇంకేం లేదు, ఆకాశం నెత్తికి తగులుతుందేమోనని టోపీ తీసేశాను. ఖాళీగా ఉండటమెందుకని టేపు తీసి పక్క శిఖరానికి కొలతలు కూడా తీసుకున్నాను, భుజాలు బాగున్నాయి గానీ నడుము దగ్గర కాస్త వదులు. సరే, మంచు మీద నడుస్తున్నాం. ముందు అమ్మాయి, వెనక నేను. ఉన్నట్టుండి ఫట్! కాళ్ళ కింద మంచు చీలింది. ఎంత వెడల్పు? ఈ వీధంత. ఈ వీధేంటి, ఈ వీధీ, వెనక వీధీ, మధ్యలో ఇళ్ళూ కలిపి అంత! అడుగు కనపడదు. రాయేస్తే చప్పుడు రాలేదు. చప్పుడు ఎప్పుడొచ్చిందో తెలుసా? మర్నాడు టిఫిన్ చేస్తుంటే వచ్చింది."

"అబ్బో," అన్నాడు ప్లంబరు ఆనందంగా.

"కుర్రాళ్ళంతా ఘొల్లుమన్నారు. నేను మాత్రం నిదానంగా చూశాను. ఇది మంచని వాళ్ళనుకుంటున్నారు. నా కంటికి అది చిరుగు, అంతే. చిరుగైతే కుట్టాలి! గుడారం పాతే ఇనప మేకు తీసుకున్నాను, అది సూది. ఎక్కే తాడు తీసుకున్నాను, అది దారం. ముందు ఈ అంచు నుంచి ఆ అంచుకి కచ్చా కుట్టు వేశాను, గాల్లో వేలాడుతూ. తర్వాత కొస పట్టుకుని లాగాను చూడండీ... అటు కొండా ఇటు కొండా కదిలి దగ్గరికొచ్చాయి! ఆ పైన డబుల్ కుట్టు వేసి ముడేశాను. ఇప్పటికీ ఆ కుట్టు ఉంది, వెళ్ళి చూసుకోండి. కింద లోయలో వాళ్ళ ఇళ్ళు ఇరుకైపోయాయని ఆ ఊరివాళ్ళు నన్ను తిడుతున్నారని కూడా తెలిసింది. పన్నెండు మందీ దాని మీద నడిచి దాటారు. నేను లేకపోతే ఒక్కడు మిగిలేవాడు కాదు. మనమ్మాయికైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు, నా చొక్కా పట్టుకుని 'మామయ్యా, నువ్వు లేకపోతే నేనేం చేసేదాన్ని' అని ఒకటే ఏడుపు!"

అందరం నవ్వాం. నవ్వుల మధ్యలో డ్రైవరు గ్లాసు బెంచీ మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏడ్చిందా?"

"భోరున బావా. ఊరుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"కాళ్ళూ చేతులూ ఆడలేదా?"

"ఎలా ఆడతాయి, చిన్నపిల్ల!"

"నువ్వు లేకపోతే పన్నెండు మందీ పోయేవాళ్ళు."

"అందులో అనుమానమే లేదు."

డ్రైవరు చేతిలో ఫోను పైకెత్తాడు. "ప్రతిసారీ నువ్వుండవు కదోయ్. మంచిదైంది, చెప్పావు. వద్దని చెప్పేస్తాను."

టైలరు మొహం చూడాలి అప్పుడు. రంగంతా దిగిపోయింది. చటుక్కున వచ్చి బావ చేతిని పట్టుకున్నాడు.

"ఆగు, ఆగు బావా. వద్దనడమేంటి? కాస్త... కాస్త పెంచి చెప్పానేమో."

"ఎంత?"

"చీలిక రెండు వీధులంత లేదు. ఈ వీధంతే."

"అదీ ఎక్కువే కదా."

"ఈ బెంచీ అంత. కాదు బావా, ఇదిగో, జానెడు. ఒట్టు, జానెడే. కాలు చాచక్కర్లేదు దాటడానికి. నేనేం కుట్టలేదు. మంచుని ఎవడైనా కుడతాడా, నీకా మాత్రం తెలీదా?"

"నువ్వు అమ్మాయిని వెనకేసుకొస్తున్నావు," అన్నాడు డ్రైవరు జాలిగా. "మేనమామవి, ప్రేమ ఉంటుంది. ముందు చెప్పిందే నిజం. ఇప్పుడు నేను వద్దంటున్నానని తగ్గిస్తున్నావు."

ఇలాంటిది నా ఇరవై ఏళ్ళలో చూళ్ళేదు. కొండని కుట్టానంటే నమ్మిన మనిషి, కుట్టలేదంటే నమ్మట్లేదు. టైలరు గిలగిల్లాడిపోయాడు. "గాడిదని నేను మోయలేదు బావా, అదే నన్ను మోసింది, వాగులో దాని మెడ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వడగళ్ళు సెనగగింజలంత. కోట్లు నూట నలభై కాదు, ఒక్క బొత్తాం, అదీ కాలుతున్న పొయ్యి పక్కన కూర్చుని కుట్టాను. ఆ రోజు ఆగుదామన్నది అమ్మాయే, నేను కాదు, నేను బ్యాంకు కుర్రాడితో కలిసి దాన్ని తిట్టాను కూడా!" అన్నాడు. డ్రైవరు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. టైలరు మావైపు తిరిగాడు, కళ్ళలో నీళ్ళు.

"అక్కా, నువ్వు చెప్పు, నేను ఎన్నేళ్ళుగా కోతలు కోస్తున్నానో! మాస్టారూ, చెప్పండి, నా మాటలో నిజం ఏనాడైనా ఉందా? మీకు పుణ్యముంటుంది, నేను అబద్ధాలకోరునని ఒక్కరైనా చెప్పండి!"

"పదింట తొమ్మిది వంతులు అబద్ధం, నేను లెక్కేశాను," అన్నారు మాస్టారు గంభీరంగా.

"వాళ్ళింట్లో కుళాయి కారితే సముద్రాన్ని ఆపానని చెప్పిన మనిషండీ ఈయన," అన్నాడు ప్లంబరు.

నేనూ చెప్పాను. "అన్నా, ఇతను చెప్పే మాట నమ్మి నేను ఒక్క గ్లాసు టీ కూడా ఎక్కువ కాయను," అన్నాను.

డ్రైవరు మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. ఇన్నేళ్ళ నమ్మకం పోవడం ఆయనకి కష్టంగానే ఉంది. "అయితే పిల్ల ఏడవలేదా?"

"అది ఏడవలేదు బావా." టైలరు గొంతు తగ్గింది. "నేను ఏడ్చాను. ఆ కనుమ దగ్గర ఊపిరందక కూలబడిపోయి, ఇంటికెళ్ళిపోతానని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అది పక్కనే కూర్చుని, నా బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టింది. 'తొందరేం లేదు మామయ్యా, కొండ ఎక్కడికీ పోదు' అంది. పదకొండు మందీ చలిలో నిలబడ్డారు, ఒక్కరినీ విసుక్కోనివ్వలేదు."

మరుగుతున్న నీళ్ళ కింద పొయ్యి తగ్గించాను.

"అంటే నువ్వు చెప్పిందంతా అబద్ధమేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతా. ఒక్కటి తప్ప!" టైలరు నిటారుగా నిలబడ్డాడు. "నేను ముందు నడిచాను. అది మాత్రం ఒక్క అంగుళం తగ్గించను. ఎనిమిది రోజులూ గైడు వెనక మొదటి మనిషిని నేనే. అది ఇంత మందిలో నన్నే ఎంచుకుంది. కావాలంటే ఇదిగో, ఫోటో ఉంది."

తన ఫోను తీసి చూపించాడు. మేమంతా వంగి చూశాం. తెల్లటి మంచు మీద సన్నటి వరస. ముందు ఆ పిల్ల, సగం వెనక్కి తిరిగి చూస్తోంది. దాని వెనక టైలరు, వీపున సంచీ లేదు, చేతిలో కర్ర, మొహంలో రాజసం. ఆ వెనక మిగతావాళ్ళు. డ్రైవరు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"చివర ఉన్నది ఎవరు?"

"వాడే, బ్యాంకు కుర్రాడు."

"బాగా ఎక్కుతాడన్నావు, వాడేనా?"

"వాడే. అయినా చివర పడేసింది చూడు!"

డ్రైవరు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"ఒరేయ్ పిచ్చివాడా, పది లారీలు వరసగా ఘాట్ ఎక్కుతుంటే ముందు ఏ బండిని పెడతారు?"

"మంచి బండిని."

"కాదు. అన్నిటికన్నా నీరసమైన బండిని. ఇంజను సరిగ్గా లాగనిదాన్ని. అది ఎంత మెల్లగా వెళ్తే అందరం అంత మెల్లగా వెళ్తాం, అది ఆగితే అందరం ఆగుతాం. అన్నిటికన్నా మంచి బండిని చివర పెడతాం, దారిలో ఎవడు ఆగిపోయినా చూసుకోవడానికి. నిన్ను పావుగంట నడిపించి చూసింది కదా? అక్కడే తేల్చేసింది."

ప్లంబరు నవ్వబోయి టైలరు మొహం చూసి ఆగిపోయాడు. నేనూ చూశాను. పాపం, ఆ ఒక్కటీ అతను కోసిన కోత కాదు. నిజంగానే నమ్మాడు. ఎనిమిది రోజులు ఆ గర్వంతోనే నడిచాడు. మెల్లిగా బెంచీ మీద కూర్చున్నాడు.

డ్రైవరు నవ్వు కూడా ఆగింది. గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "పాతికేళ్ళ కిందట మేం అలా పెట్టలేదు. వయసు పొగరు, ఎవడి తొందర వాడిది. నా స్నేహితుడి బండి పాతది, వెనక పడిపోయింది. పైకెళ్ళి లెక్కపెట్టుకుంటే తొమ్మిదే ఉన్నాయి. వెనక్కొచ్చేసరికి... బండీ లేదు, వాడూ లేడు. అప్పట్నించి కొండ మొహం చూడలేదు నేను. చదును రోడ్డు మీద కూడా నీరసం బండినే ముందు పోనిచ్చేవాణ్ణి. ఒకసారి, అమ్మాయికి ఆరేళ్ళుంటాయి, క్యాబిన్లో నా పక్కన కూర్చుని 'ఆ ముసలి లారీని మనం ఎందుకు దాటం నాన్నా?' అని అడిగింది. చెప్పాను. ఒక్కసారే చెప్పాను."

ఐదు కావడానికి పది నిమిషాలుంది. ఫోను కలిపాడు. ఆయన చెవి కొంచెం దూరం కాబట్టి స్పీకరు పెట్టాడు, అందుకే మాకూ వినిపించింది.

"నాన్నా?" అంది ఆ పిల్ల. ఆ ఒక్క మాటలోనే ఎంత భయముందో.

"మీ మామయ్యని ముందు పెట్టావటగా?"

"నువ్వే కదా నాన్నా చెప్పావు," అంది.

"వెళ్ళమ్మా," అన్నాడు డ్రైవరు. "సీజనంతా వెళ్ళు. ఒప్పుకున్నానని చెప్పు వాళ్ళకి."

అవతల నవ్వో ఏడుపో తెలీలేదు. టైలరు వంగి ఫోను దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, నేనే. ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. నన్ను ముందెందుకు పెట్టావు?"

"నిజం చెప్పనా మామయ్యా?"

"చెప్పు. తట్టుకుంటాను."

"పన్నెండు మందిలో నువ్వే నీరసం. నాలుగోరోజుకల్లా నిన్ను కిందకి పంపాల్సొస్తుందనుకున్నాను. కానీ ఒకటి. అదే వారం అదే దారిలో ఇంకో జట్టు మనకన్నా వేగంగా ఎక్కింది, వాళ్ళలో నలుగురు తలనొప్పులతో, వాంతులతో దిగిపోయారు. మన జట్టులో ఒక్కరూ దిగలేదు. బ్యాంకు అబ్బాయి కూడా. అంత పైన మెల్లగా ఎక్కితేనే ఒంటికి పడుతుంది, లేకపోతే గాలి చాలక మతి తప్పుతుంది, అందుకే రోజూ ఏ వారమని అడిగేదాన్ని. నీ నడకతో నడిచారు కాబట్టే అందరూ పైదాకా వచ్చారు."

టైలరు వీపు కొంచెం కొంచెంగా నిటారుగా కావడం చూశాను. ముందు మెడ లేచింది, ఆ తర్వాత భుజాలు.

"విన్నారా?" అన్నాడు మావైపు తిరిగి. "విన్నారా మాస్టారూ? గైడు చెప్తోంది, నేను కాదు. పన్నెండు మందినీ పైకి చేర్చిందెవరు?"

"మీ ఆయాసమండీ," అన్నాడు ప్లంబరు.

"ఎవరి ఆయాసం? నాదే కదా!"

మాస్టారు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "ఈసారి భాగించడానికేం లేదు," అన్నారు.

డ్రైవరు లేచి తమ గ్లాసులు రెండూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ళింటికి వెళ్ళే సందు ఎత్తు. ఆ సందు మొదట్లో ఆగి బావమరిది భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు ముందు నడువు," అన్నాడు.

టైలరు చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచాడు. పాతిక అడుగులకే ఆయాసమొచ్చి కిరాణా కొట్టు ముందు ఆగాడు. ఆగినవాడు ఊరికే ఉంటాడా, కొట్టాయనకి రెండు చేతులూ బారగా చాచి ఏదో వెడల్పు చూపిస్తున్నాడు. డ్రైవరు రెండడుగుల వెనక ఆగి, అతనికి ఊపిరందేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.